రెగ్యులేటరు మార్చినా పాత సీలింగ్ ఫ్యాను వేగం అందుకోవడం లేదు: సమాధానం

కొత్త రెగ్యులేటరు వేసినా మీ ముప్పయ్యేళ్ల ఫ్యాను అయిదో నంబరులో కూడా నెమ్మదిగానే తిరుగుతూ, చేత్తో తోస్తే తప్ప కదలడం లేదంటే, లోపం చాలావరకు కెపాసిటరులోనే (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న విద్యుత్ భాగం) ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి దాని సామర్థ్యం తగ్గిపోతుంది.

1. ముందుగా మెయిన్ కట్టేయండి. గోడ మీది స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు, ఎందుకంటే పాత వైరింగులో అది ఫేజుకు (కరెంటు వచ్చే తీగ) బదులు న్యూట్రలుకు (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కలిపి ఉండవచ్చు; అప్పుడు స్విచ్ ఆపినా ఫ్యానులో కరెంటు ఉంటుంది.

2. చాలామంది వదిలేసే పని ఇది: కెపాసిటరు కొనకముందే రెక్కను వేలితో తోసి వదలండి. నిశ్శబ్దంగా కొన్ని చుట్లు తిరిగి మెల్లగా ఆగితే బేరింగులు (ఫ్యాను సాఫీగా తిరిగేలా చేసే గోళీల చక్రాలు) బాగున్నట్లే. గరగరమంటూ వెంటనే ఆగిపోతే మాత్రం ఎన్ని కెపాసిటర్లు మార్చినా ప్రయోజనం ఉండదు, బేరింగులే మార్పించాలి. పైనుంచి కొబ్బరినూనె పోయడం నాలుగు రోజుల ముచ్చటే. బేరింగు మీద 6202 వంటి సంఖ్య ముద్రించి ఉంటుంది. దుకాణంలో అది చెబితే సరైనది ఇస్తారు.

3. పాత కెపాసిటరు మీద ఉన్న విలువే, సాధారణంగా 2.5 మైక్రోఫారడ్లు, కొత్తదాని మీదా ఉండాలి. వేగం కోసం 4 వేయించుకోమని సలహా ఇచ్చేవారు ఉంటారు. దానివల్ల వైండింగు (మోటారులోని తీగచుట్ట) వేడెక్కుతుంది కనుక వినకండి.

4. కెపాసిటరు మార్చడానికి పై గిన్నె (కడ్డీ పైభాగాన్ని కప్పే మూత) ఎలాగూ దించుతారు కాబట్టి, ఫ్యానును వేలాడదీసే బోల్టుకు స్ప్లిట్ పిన్ను (బోల్టు ఊడిపోకుండా ఆపే పిన్ను) ఉన్నదీ లేనిదీ చూసి, తుప్పు పట్టి ఉంటే మార్చి, ఆ తరువాతే మెయిన్ వేయండి.