మెకింటాష్ ఎందుకు మానేశాడు?

ప్రశ్న: స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి చెందిన ఆర్కిటెక్ట్ చార్ల్స్ రెన్నీ మెకింటాష్ అంత గొప్పవాడైతే చివర్లో బిల్డింగులు కట్టడం ఎందుకు మానేశాడండీ?

జవాబు: మానేశాడనడం కన్నా పని దొరకలేదనడం కరెక్టు. 1868లో గ్లాస్గోలో పుట్టాడు, అక్కడే ఒక ఆర్కిటెక్టుల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి పార్ట్‌నర్ అయ్యాడు. పేరు తెచ్చింది మాత్రం గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్, డబ్బులు చాలక రెండు విడతలుగా కట్టి 1909కి పూర్తిచేశారు.

నాకైతే గ్లాస్గో దగ్గర హెలెన్స్‌బర్గ్‌లో ఆయన డిజైన్ చేసిన హిల్ హౌస్ అనే ఇల్లు ఎక్కువిష్టం. తెల్లటి పడకగదిలో నిచ్చెనలాంటి వీపున్న సన్నటి నల్ల కుర్చీ ఒకటుంటుంది, కూర్చోడానికి కాదు, చూడ్డానికే! కానీ బయట పూసిన సిమెంటు పూత వాన నీళ్లని లోపలికి పంపేసి గోడలు నానిపోయాయి, చివరికి 2019లో ఇల్లు మొత్తానికి స్టీలు వల గూడు కట్టాల్సొచ్చింది.

తర్వాత ఆర్డర్లు తగ్గాయి, తాగుడు పెరిగింది, 1913లో ఆఫీసు వదిలేశాడు. మరుసటేడు ఇంగ్లాండ్‌లోని సఫోక్‌లో పూల బొమ్మలు వేసుకుంటుంటే, యుద్ధకాలం కదా, జర్మన్ గూఢచారేమోనని అనుమానించారు పాపం. 1923 నుంచి దక్షిణ ఫ్రాన్స్‌లో భార్య మార్గరెట్‌తో ఉంటూ వాటర్ కలర్లు వేశాడు, 1928లో లండన్‌లో పోయాడు. ఆ ఆర్ట్ స్కూలేమో 2014లో ఒకసారి, బాగుచేస్తుండగానే 2018లో ఇంకోసారి తగలబడింది.