గ్లూకోజ్‌కి 38 ఏటీపీలా, 32నా?

ఒక గ్లూకోజ్ అణువుకి 38 ఏటీపీలు (కణం తన పనులకు ఖర్చుపెట్టే, శక్తిని మోసే అణువులు) వస్తాయని పాత పుస్తకంలో, 30–32 అని కొత్త పుస్తకంలో ఉంది, ఏది నిజం, అసలు తిన్న అన్నం శక్తిగా ఎలా మారుతుంది అని అడిగారు. బైపీసీలో నేనూ ఆ 38ని బట్టీ పట్టాను. మార్కులు వచ్చాయి గానీ విషయం బుర్రకెక్కలేదు.

ఎక్కింది నాగార్జునసాగర్ పవర్ హౌస్‌లో. డిగ్రీలో ఉండగా టూర్‌కి తీసుకెళ్లారు. అక్కడి 8 యూనిట్లలో 7 రెండు వైపులా తిరుగుతాయట. నీళ్లు కిందికి దూకితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే నీళ్లను మళ్లీ పైకి తోడతాయి. కాళ్ల కింద నేల సన్నగా అదురుతుంటే నాకు కణంలోని పవర్ హౌస్‌లు, అంటే మైటోకాండ్రియా గుర్తొచ్చాయి.

అన్నంలోని పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజ్‌గా విడిపోయి, రక్తంలోంచి కణంలోకి చేరుతుంది. అక్కడ రెండు ముక్కలవుతుంది. ఈ దశలో నికరంగా చేతికొచ్చేది 2 ఏటీపీలే, ఆక్సిజన్ అక్కర్లేదు. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండిలో బ్యాక్టీరియా చక్కెరను ఇలాగే ఆక్సిజన్ లేకుండా విడగొట్టి లాక్టిక్ ఆమ్లం వదులుతుంది, అందుకే పొద్దుటికి పిండి పులుస్తుంది. కదిలే బస్సు వెనక పరుగెత్తినప్పుడు మన తొడ కండరాలు కూడా కాసేపు లాక్టిక్ ఆమ్లం దారే పడతాయి.

అసలు సంపాదన మైటోకాండ్రియాలో. ఆ ముక్కల్లోని కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా మన ఊపిరిలో బయటికి పోతుంది. వాటి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలోని ప్రోటీన్ల మీదుగా చేతులు మారి, చివరికి ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. మనం ఊపిరి పీల్చేది ముఖ్యంగా ఇందుకే! ఆ దారిలో విడుదలైన శక్తితో ప్రోటాన్లు పొర అవతలికి చేరతాయి. డ్యాం నిండినట్టే. అవి వెనక్కి రావడానికి ప్రధాన దారి ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్. ప్రోటాన్లు దూరుతుంటే అందులో ఒక భాగం నిజంగానే గిర్రున తిరుగుతుంది, ఏడీపీకి (ఒక ఫాస్ఫేట్ తక్కువున్న ఏటీపీ) ఫాస్ఫేట్ అతుక్కుని ఏటీపీ అవుతుంది. సాగర్ టర్బైన్‌లాగే ఇదీ వెనక్కి తిరిగి, ఏటీపీ ఖర్చు పెట్టి ప్రోటాన్లను తోడగలదు. 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ ఈ ప్రోటాన్ల సంగతి చెబితే చాలామంది ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు.

ఇక మీ అంకె. కొన్ని ప్రోటాన్లు పొరలోంచి ఊరికే కారిపోతాయి. తయారైన ఏటీపీని బయటికి పంపడానికి, ఫాస్ఫేట్‌ని లోపలికి తేవడానికి మరికొన్ని ఖర్చవుతాయి. 38 ఆ ఖర్చులు తీయకముందు వేసిన లెక్క, 30–32 తీశాక మిగిలేది. కణాన్ని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది. పరీక్షకైతే మీ సిలబస్ పుస్తకంలో ఉన్నదే రాయండి, టెన్షన్ పడకండి.

ఒక్క మాట. 1929లో ఏటీపీని కనుగొన్నవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన, జర్మనీలో విడిగా కార్ల్ లోమన్. నాకు పాఠం చెప్పినవాళ్లెవరూ ఆయన పేరెత్తలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. నా ట్యూషన్ పిల్లలకి ఏటీపీ పాఠం మొదలుపెట్టే రోజు బోర్డు మీద ముందు ఆ పేరే రాస్తాను.