సక్కర్ ఫిష్ వేస్తే నాచు పోతుందా?

ప్రశ్న: మా ఇంట్లో 80 లీటర్ల అక్వేరియం ఉంది. గప్పీలు, నియాన్ టెట్రాలు, ఒక జత గౌరామీలు ఉన్నాయి. కొన్ని వారాలుగా అద్దాల మీద పచ్చగా నాచు, ఆకుల అంచుల్లో నల్లటి కుచ్చులు వస్తున్నాయి. షాపతను చిన్న సక్కర్ ఫిష్ ఇచ్చి ఇదే మొత్తం తినేస్తుందన్నాడు. నెలైనా పెద్ద తేడా లేదు. ఇంకో రెండు వేయమంటారా?

జవాబు: వద్దండీ. ఉన్న ఒక్కటే మీ ట్యాంక్‌కి ఎక్కువ. ఇప్పుడు వేలంత ఉన్న ఆ చేప మామూలు రకం ప్లెకో (సక్కర్ ఫిష్‌కే ఇంకో పేరు) అయితే అడుగు పొడవు దాటి పెరుగుతుంది, పెరిగేకొద్దీ నాచు మీద ఆసక్తి తగ్గి మిగతా చేపలకి వేసిన మేత కోసం అడుగున వెతుక్కుంటుంది, పైగా అది వదిలే మలం అంతా ఇంతా కాదు, ఆ మలమే నీళ్లలో నైట్రేట్‌గా మారి మళ్లీ నాచుకే ఎరువవుతుంది. అంటే నాచు కోసం వేసిన చేపే నాచుని పెంచుతుంది. పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చేయండి, లేదా కొన్న షాపులోనే తిరిగి తీసుకుంటారేమో అడగండి. చెరువులోనో కాలువలోనో మాత్రం దయచేసి వదలొద్దు. ఇది దక్షిణ అమెరికా చేప, ఇలా వదిలేసిన చోటల్లా పెరిగిపోయి, గట్లలో బొరియలు తవ్వి, అక్కడి చేపలకి తిండి లేకుండా చేస్తోంది.

అసలు ముందు లైటు సంగతి చూడండి. రోజుకి ఎన్ని గంటలు వెలుగుతోంది? చాలామంది పొద్దున లేవగానే వేసి పడుకునేముందు ఆపుతారు. ఆరేడు గంటలు చాలు, చిన్న టైమర్ పెట్టేస్తే మర్చిపోతామన్న టెన్షన్ కూడా ఉండదు. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే ట్యాంక్ జరపండి, కుదరకపోతే కర్టెన్ వేయండి. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోగొట్టిన నీళ్లు నింపండి. అద్దాల మీది నాచుని మాగ్నెట్ క్లీనర్‌తో మీరే గీకేయండి, దానికోసం చేపని కొనడం ఎందుకు?

నల్ల కుచ్చులు వేరే కథ. అది బ్లాక్ బియర్డ్ ఆల్గే (ఆల్గే అంటే నాచే), చూడ్డానికి నల్లగా ఉన్నా నిజానికి ఎర్ర నాచుల జాతి, చాలా చేపలు మూతి కూడా పెట్టవు. సయామీస్ ఆల్గే ఈటర్ తింటుంది, కానీ అది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, గుంపుగా ఉండాలి, ఈత కొట్టడానికి పొడవైన ట్యాంక్ కావాలి, కాబట్టి మీ 80 లీటర్లలో దాని గురించి ఆలోచించకండి. బాగా పట్టిన ఆకుల్ని కత్తిరించి పారేయండి. ఇంకో జాగ్రత్త: ‘ఆల్గే ఈటర్’ అని మాత్రమే చెప్పి అమ్మితే చాలాసార్లు అది చైనీస్ ఆల్గే ఈటర్. చిన్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది, పెద్దయ్యాక మిగతా చేపల్ని తరుముతుంది, వాటి ఒంటికి అతుక్కుని పైనుండే జిగురు పొరని పీల్చేస్తుంది. సయామీస్‌కి నల్ల చార తోక చివరిదాకా వెళ్తుంది, నోరు గాజుకి అతుక్కునే రకం కాదు. చైనీస్‌కి అతుక్కునే నోరు ఉంటుంది. కొనేముందు ఈ రెండూ చూసుకోండి.

ప్లెకో వెళ్లిపోయాక చేప కావాలనే ఉంటే ఒక్క బ్రిసిల్‌నోజ్ ప్లెకో వేసుకోండి, అది 12, 13 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది. నమలడానికి ఒక డ్రిఫ్ట్‌వుడ్ (అక్వేరియంలో పెట్టే కట్టె) ముక్క పెట్టండి. గాజు మీద గట్టిగా అతుక్కునే పచ్చ చుక్కలకైతే నెరైట్ నత్తలు నాకు చాలా ఇష్టం. తెల్లటి గుడ్లు అక్కడక్కడా అంటిస్తాయి గానీ అవి మంచినీళ్లలో పిల్లలు కావు, కాబట్టి నత్తల సంత తయారవుతుందన్న భయం అక్కర్లేదు.

ప్రశ్న: కొత్త ట్యాంక్ పెట్టి మూడు వారాలైంది. అంతా గోధుమరంగు పొడి పట్టింది. ఏ చేప వేయాలి?

జవాబు: ఏదీ వద్దు. అవి డయాటమ్‌లు, అంటే కంటికి విడిగా కనపడనంత చిన్న నాచు, కొత్త ట్యాంకుల్లో దాదాపు అందరికీ వస్తాయి, ట్యాంక్ కుదురుకున్నాక కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తుడిచేస్తూ ఉండండి.

ప్రశ్న: నాచు తినే చిన్న ఓటోసింక్లస్ చేపలు ఆరు తెచ్చాను. ట్యాంక్ తళతళలాడింది, కానీ తర్వాత ఒక్కొక్కటే చనిపోతున్నాయి. నీళ్ల టెస్ట్ బాగానే ఉంది. ఎందుకిలా?

జవాబు: ఆకలి అని నా అనుమానం. తళతళలాడుతున్న ట్యాంక్‌లో వాటికి తినడానికి ఏముంది చెప్పండి? పైన తేలే ఫ్లేక్ మేత టెట్రాలకి సరిపోతుంది గానీ ఓటోల దాకా రాదు. ఇవి ఎక్కువగా నదుల్లో పట్టి తెచ్చే చేపలు, ప్రయాణంలో తిండిలేక షాపుకి వచ్చేసరికే నీరసపడి ఉంటాయి. ఈసారి కొనేటప్పుడు పొట్ట చూడండి, లోపలికి పోయి ఉంటే ఎంత ముచ్చటేసినా తీసుకోవద్దు. మిగిలినవాటికి లైటు ఆపాక ఆల్గే వేఫర్ (అడుగుకి మునిగే మేత బిళ్ల) వేయండి, వేడినీళ్లలో కాస్త మెత్తబరిచిన కీరా ముక్కని ఫోర్క్‌కి గుచ్చి అడుగున పెట్టి పొద్దున్నే తీసేయండి. కొన్ని ఓటోలు కీరాని మొదట గుర్తుపట్టవు, అందుకే నున్నటి రాళ్లని నీళ్ల గిన్నెలో వేసి ఎండలో ఉంచి, పచ్చబడ్డాక ఒక్కొక్కటే ట్యాంక్‌లోకి మార్చండి. వెనక అద్దం మాత్రం ఇక గీకొద్దు, అది వాటి కోసం వదిలేయండి.