గుండె గురించి మీరడిగినవి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం గుండె చుట్టూనే తిరిగాయి. అన్నిటికీ చోటు చాలదు, కొన్నే వేస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారి గుండె బాగా దెబ్బతింది, మార్పిడి ఒక్కటే దారి అన్నారు. అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. అమ్మకి ఆపరేషన్ కంటే వేరే టెన్షన్ పట్టుకుంది. "ఎవరి గుండెనో తెచ్చి పెడితే మీ నాన్న మీ నాన్నలాగే ఉంటాడా, మనల్ని ఇదివరకటిలా చూస్తాడా" అని రాత్రిళ్లు కూర్చుంటోంది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.
— ఒక కూతురు, నల్గొండ

జవాబు: నవ్వకమ్మా. మీ అమ్మగారి కంటే ముందే ఈ ప్రశ్న అడిగిన ఇల్లాలు ఒకావిడ ఉంది. 1982 డిసెంబరులో అమెరికాలోని యూటా యూనివర్సిటీలో బార్నీ క్లార్క్ అనే పళ్ల డాక్టరుకి పాడైన గుండె తీసేసి దాని చోట యంత్రం బిగించారు. అప్పుడు ఆయన భార్య, ఆ తర్వాత కూడా ఆయన నన్ను ప్రేమించగలడా అని డాక్టర్లని అడిగిందట. ఆయన ఆ యంత్రంతో 112 రోజులు బతికారు. కాబట్టి ఇది చదువు లేనివాళ్ల భయం, పల్లెటూరి భయం అని కొట్టిపారేయకండి.

గుండె చేసే పని రక్తాన్ని తోయడం. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి దాదాపు 5 లీటర్లు తోస్తుంది, రోజు మొత్తం మీద లక్షసార్లు కొట్టుకుంటుంది, దానికి అంతకు మించి తీరిక లేదు. మీ నాన్నగారి జ్ఞాపకాలు, కోపతాపాలు, మీ అమ్మగారి మీద ఇష్టం, అన్నీ మెదడులో ఉంటాయి, ఆపరేషన్ టేబుల్ మీద వాటి జోలికి ఎవరూ వెళ్లరు. కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బెర్నార్డ్ 1967లో మొదటి గుండె మార్పిడి చేశారు, మన దేశంలో విజయవంతంగా చేసింది రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ వేణుగోపాల్, 1994 ఆగస్టులో, ఢిల్లీ ఎయిమ్స్‌లో. అప్పటి నుంచి ఎంతోమంది కొత్త గుండెతో పాత సంసారాలే చేసుకుంటున్నారు.

వియన్నాలో ఇలా గుండె మార్చుకున్న 47 మందిని మీ స్వభావం ఏమైనా మారిందా అని అడిగితే (ఇది 1992లో అచ్చయింది) 79 శాతం మంది ఏమీ మారలేదన్నారు. 15 శాతం మంది మారాం కానీ అది చావు దాకా వెళ్లొచ్చినందుకు అన్నారు. కొత్త గుండె వల్లే మారాం అన్నది ముగ్గురే ముగ్గురు. టీవీల్లో కనిపించేది మాత్రం ఆ ముగ్గురిలాంటి వాళ్ల కథలే, ఏమీ మారలేదు అన్నవాణ్ణి పిలిచి ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు?

అయితే రెండు సంగతులు మీ అమ్మగారికి ముందే చెప్పి పెట్టండి. ఒకటి, కొత్త గుండెని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే మందుల్లో స్టెరాయిడ్స్ ఉంటాయి, వాటి వల్ల మొదట్లో నిద్ర పట్టకపోవచ్చు, చీటికీమాటికీ విసుక్కోవచ్చు, ఉన్నట్టుండి కళ్ల నీళ్లు పెట్టుకోవచ్చు. అప్పుడు ఆవిడ "చూశావా, నేను అన్నానా లేదా" అంటారు. అది గుండె చేసిన పని కాదు, మందుల పని, డాక్టరుకి చెబితే చూసుకుంటారు, మీరుగా మందు ఆపొద్దు. రెండోది, గుండెని తీసి ఇంకొకరికి పెట్టేటప్పుడు దానికి వచ్చే నరాలు తెగిపోతాయి. అందుకని ఆ గుండె ఖాళీగా కూర్చున్నా నిమిషానికి 90, 100 సార్లు కొట్టుకుంటుంది. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆ క్షణాన దడ పెరగదు, రక్తంలో అడ్రినలిన్ అనే హార్మోన్ వచ్చి చేరాక మెల్లగా పెరుగుతుంది, తగ్గడమూ మెల్లగానే. అంటే మీ అమ్మగారిని చూసి ఆయన వెంటనే సంతోషపడతారు, ఆ కబురు ఆయన గుండెకే కాస్త ఆలస్యంగా అందుతుంది. ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

ప్రశ్న: జువాలజీ రికార్డులో గుండె బొమ్మ వేశాను. లవ్ సింబల్‌కీ దానికీ పోలికే లేదు. ఆ సింబల్ ఎవరు కనిపెట్టారు సార్?
— ఇంటర్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఒక్కరు కాదు బాబూ, యూరప్‌లో మెల్లమెల్లగా తయారైంది. ఇటలీలోని పాడువాలో జొత్తో అనే చిత్రకారుడు 1305 ప్రాంతంలో ఒక ప్రార్థనా మందిరం గోడ మీద, తన గుండెని తీసి దేవుడికి ఇస్తున్న స్త్రీని వేశాడు. అది బేరిపండులా ఉంటుంది, పైన నొక్కు ఉండదు. నొక్కు ఆ శతాబ్దంలోనే తర్వాత వచ్చింది, 15వ శతాబ్దానికి పేక ముక్కల మీదికి ఎక్కింది, మన ఆఠీను అదే. ఆఫ్రికాలో సిల్ఫియం అనే మొక్క ఉండేదని, నాణేల మీద వేసిన దాని గింజ నుంచే ఈ సింబల్ వచ్చిందని ఇన్‌స్టాలో తెగ తిరుగుతుంది. కథ బావుంది కానీ ఆ నాణేలకీ ఈ బొమ్మకీ మధ్య వెయ్యేళ్లకు పైగా ఖాళీ ఉంది, దాన్ని ఎవరూ పూడ్చలేదు. ఇక "ఐ లవ్ న్యూయార్క్"లో మాట తీసేసి ఎర్ర గుండె పెట్టింది మిల్టన్ గ్లేజర్, 1970ల్లో. అక్కడి నుంచి టీషర్టులు, కప్పులు, నీ ఫోను.

అసలు గుండె పిడికిలంత ఉంటుంది, మొన కిందికి, కాస్త ఎడమకి వాలి ఉంటుంది. గుళ్లో నారాయణ సూక్తం చదువుతుంటే ఎప్పుడైనా చెవిన వేసుకో, "పద్మకోశ ప్రతీకాశం హృదయం చాప్యధోముఖం" అని వస్తుంది, తలకిందులుగా ఉన్న తామర మొగ్గలాంటిదని. నీ రికార్డు బొమ్మకి లవ్ సింబల్ కంటే ఇదే దగ్గర.

ప్రశ్న: అన్నీ మెదడే చేస్తుందని నలభై ఏళ్లు పాఠం చెప్పాను. కానీ నిజం చెప్పమంటే నా చెయ్యి గుండె మీదికే పోతుంది. ఎందుకంటారు?
— రిటైర్డ్ మాస్టారు, తణుకు

జవాబు: ఒట్టు మాత్రం నెత్తి మీదే వేస్తాం కదా మాస్టారూ! సరే, అసలు విషయానికి వస్తే, మెదడు పని చేస్తున్నట్టు మనకి తెలియదు. గుండె అలా కాదు, భయమేస్తే అడ్రినలిన్ విడుదలై దబదబా కొట్టుకుంటుంది, చొక్కా మీదికి కూడా తెలుస్తుంది. ఎక్కడ చప్పుడైతే అక్కడే పని జరుగుతోందని అనుకోవడం సహజం. అరిస్టాటిల్ అంతటివాడు ఆలోచన గుండెలోనే అన్నాడు, మెదడు ఒంటి వేడిని చల్లబరచడానికట. ఈజిప్టువాళ్లు ఇంకా ముందుకెళ్లారు. మమ్మీ చేసేటప్పుడు మెదడుని ముక్కులోంచి లాగి పారేసి, గుండెని మాత్రం ఒంట్లోనే ఉంచేవాళ్లు, ఎందుకంటే పై లోకంలో దాన్ని త్రాసులో పెట్టి ధర్మదేవత ఈకతో తూచాలి. తప్పులు చేసినవాడి గుండె బరువు తూగుతుంది, పక్కనే మొసలి తలతో కాచుకున్న జంతువు దాన్ని మింగేస్తుంది. మనిషి గుణం అంతా అందులో రాసి ఉంటుందని వాళ్ల నమ్మకం. మన చిత్రగుప్తుడు చిట్టా వేరే పుస్తకంలో పెట్టుకున్నాడు, కాస్త నయం.

ఫిన్లండ్ పరిశోధకులు 700 మందికి ఒంటి బొమ్మలు ఇచ్చి, కోపం వస్తే ఎక్కడ తెలుస్తుంది, ప్రేమ అయితే ఎక్కడ, రంగు వేయమన్నారు. ఫిన్లండ్, స్వీడన్ వాళ్లూ తైవాన్ వాళ్లూ ఇంచుమించు ఒకలాగే వేశారు, చాలా భావాలకి ఛాతీ మీద రంగు పడింది. కానీ అన్నీ గుండెకే కట్టబెట్టకూడదు. మన దగ్గర ధైర్యం గుండెది, బిడ్డ మీద ప్రేమ కడుపుది, బిడ్డ పోతే కోత పడేదీ కడుపుకే, పక్కింటివాడు కారు కొంటే మండేదీ కడుపే. హైదరాబాదులో ప్రాణస్నేహితుణ్ణి జిగ్రీ దోస్త్ అంటారు, జిగర్ అంటే కాలేయం. ఆ లెక్కన గుండెకి వచ్చిన పేరులో కొంత వాటా మిగతా అవయవాలకీ ఇవ్వాలి.

ప్రశ్న: ఆంజనేయస్వామి గుండె చీల్చి సీతారాములని చూపించింది వాల్మీకి రామాయణంలో ఉందా?
— ఒక భక్తురాలు, భద్రాచలం

జవాబు: లేదమ్మా. పట్టాభిషేకం నాడు సీతమ్మ హనుమకి ముత్యాలహారం ఇవ్వడం వరకే ఉంది. ముత్యాలు కొరికి రాముడి కోసం వెతకడం, ఛాతీ చీల్చడం తర్వాతి కథల్లోవి. అయినా క్యాలెండర్లలో నిలిచింది అదే.

ప్రశ్న: తాతయ్య పోయిన పదకొండో రోజున అమ్మమ్మ ఛాతీ నొప్పి అంటూ పోయింది. గుండె పగిలి పోయిందన్నారు అందరూ. నిజంగా అలా అవుతుందా?
— ఒక మనవడు, కర్నూలు

జవాబు: మీ అమ్మమ్మగారి విషయంలో ఏం జరిగిందో ఇక్కడ కూర్చుని చెప్పడం తప్పు. దిగులుతో గుండె దెబ్బతినడం మాత్రం నిజమే. 1990లో జపాన్ డాక్టర్లు దానికి టకోత్సుబో అని పేరు పెట్టారు. ఆ దేశంలో ఆక్టోపస్‌లని పట్టే కుండ పేరది, ఆ సమయంలో గుండె ఎడమ గది ఉబ్బి ఆ ఆకారంలోకి వస్తుంది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఒక్కసారిగా పొంగే అడ్రినలిన్ లాంటివి గుండె కండరాన్ని మొద్దుబారుస్తాయని అంటారు. ఎక్కువగా నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో వస్తుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కొందరు పోతారు. పైకి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది, పరీక్ష చేస్తే గానీ తేడా తెలియదు. చావు జరిగిన ఇంట్లో ఎవరికైనా ఛాతీ నొప్పి అంటే తిండి లేక గ్యాస్ అనుకోకండి, కర్మకాండ మధ్యలో ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా బాబుకి గుండె కుడివైపు ఉందని స్కానింగ్‌లో తెలిసింది. వాడు పెద్దయితే వంకర బుద్ధి వస్తుందని మా అత్తగారు అందరి దగ్గరా అంటున్నారు.
— ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: బుద్ధికీ దానికీ ఏ సంబంధమూ లేదు, మీ అత్తగారితో గొడవకి దిగకుండా ఈ పేజీ ఆవిడ కంట పడేలా వదిలేయండి. మీరు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. కాలేయం, పొట్ట అన్నీ అద్దంలో చూసినట్టు అటుదిటు అయి ఉంటే చాలామంది మామూలుగానే బతికేస్తారు. గుండె ఒక్కటే కుడికి ఉంటే మాత్రం దాంట్లో ఇంకేదైనా లోపం ఉండే అవకాశం ఎక్కువ, పిల్లల గుండె డాక్టరు చేత ఎకో (గుండె స్కానింగ్) చేయించండి. స్కూల్లో, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే ఈ మాట చెప్పండి, ఈసీజీ వైర్లు మార్చి పెట్టాలి. అన్నీ తిరగబడి ఉన్నవాళ్లకి అపెండిక్స్ నొప్పి కూడా ఎడమవైపే వస్తుంది.