వరదలో పోయిన వాటి గురించి అమ్మకు ఏం చెప్పాలి?

ఇల్లు మునిగి అమ్మ దాచుకున్న పెళ్లి ఫొటోలు, చీరలు పాడయ్యాయని, "ప్రాణాలు దక్కాయి కదా" అంటే ఇంకా ఎక్కువ ఏడుస్తోందని రాశారు. ఆ మాట ఇప్పుడే అనకండి. అబద్ధమని కాదు. మా అమ్మతో నేను మొదటి రోజే అనేశాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్కన, పెన్న నదికి దగ్గర. 2021 నవంబరులో పైన, పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న మీది సోమశిల డ్యాం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, మా పెంకుటిల్లు ఒక లెక్కా! హడావిడిగా బియ్యం మూటలు, టీవీ మంచం మీదికి ఎక్కించి పక్కింటి మిద్దె మీదికి పోయాం. మంచం కింద ట్రంకు పెట్టె ఎవరికీ గుర్తు రాలేదు. (ఆ టీవీ కూడా ఆరు నెలలకే పోయింది లెండి.)

పెట్టెలో అమ్మ పెళ్లినాటి వెంకటగిరి చీర, ఆల్బమ్, చనిపోయిన మా నాయన రాసుకున్న పద్దుల పుస్తకం ఉన్నాయి. అమ్మ ఆ బురద పెట్టె ముందు కూర్చుని లేవలేదు. పక్క వీధిలో ఒకామెకు రెండు పాడి బర్రెలు పోయాయి. మూడో రోజు ఆమే పార పట్టుకుని మా ఇంట్లో బురద ఎత్తడానికి వచ్చింది. అప్పుడు అమ్మ లేచి పొయ్యి వెలిగించి ఆమెకు కాఫీ పెట్టింది. నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

ఇక ఫొటోలు. అంటుకుపోయిన వాటిని లాగొద్దు. బేసిన్లో మంచినీళ్లు పోసి నానబెట్టండి, చాలావరకు వాటంతటవే వదులుతాయి. బొమ్మ మీద వేలు పెట్టకుండా నీడలో ఆరబెట్టండి. తడిగా ఉంచితే రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. ఇల్లు కడుక్కోవడంలో తీరిక లేకపోతే ప్లాస్టిక్ కవర్లో వేసి ఎవరింట్లోనైనా డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి, నిదానంగా చూసుకోవచ్చు. నేను తెలియక ఎండలో వేసి లాగాను. నాయన ముఖం సగం పక్క ఫొటో వెనక్కి అంటుకుపోయింది. చుట్టాలందరినీ అడగండి. అదే ఫొటో మాకు కావలిలో మేనత్త దగ్గర దొరికింది.

పద్దుల పుస్తకానికి మాత్రం రెండో కాపీ ఎక్కడుంటుంది? ఇంకు పెన్నుతో రాసింది, బురద కడిగితే తెల్ల కాగితాలు మిగిలాయి. నాకు దాని బాధ ఇంకా పోలేదు, పోవాలని కూడా లేదు.

చీర నాలుగు సార్లు ఉతికినా జరీ నల్లగానే ఉంది, అంచు మీద ఒండ్రు మరక వదల్లేదు. పారేద్దామంటే అమ్మ ఊరుకోలేదు. ఏడాది తర్వాత తనే కత్తిరించి, పాత చీరలతో కలిపి బొంత కుట్టించింది. చలికాలంలో నా కూతురు కప్పుకునేది అదే. మరక ఉన్న వైపు లోపలికి పెట్టించింది.