డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుల్లో ఏపీపీ పని జరిమానా కట్టించడమేనా?

ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే కోర్టులో ప్రభుత్వం తరఫున కేసు నడిపే న్యాయవాది) ఉద్యోగమంటే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుల్లో జరిమానాలు కట్టించడమే కదా, అందులో నేర్చుకోవడానికి చట్టం ఏముంటుందని అడిగారు. నల్లగొండ జిల్లా కోర్టుల్లో సర్వీసంతా ఆ కేసులు నడిపి, ఇప్పుడు లా విద్యార్థులకు పాఠాలు చెబుతున్న నన్నడిగితే, తాగి బండి నడపడాన్ని నేరంగా చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185ను వదిలేసి హత్యానేరంతో క్రిమినల్ లా మొదలుపెట్టే మాస్టర్లు పిల్లలకు అన్యాయమే చేస్తున్నారు.

మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎక్కువమంది నేరం ఒప్పుకొని, డబ్బు కట్టి వెళ్లిపోతారు. కానీ నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే మీద రాత్రి తనిఖీలో దొరికిన ఒక డీసీఎం డ్రైవరు, లైసెన్సు పోతే ఇల్లు గడవదన్న భయంతో విచారణకే నిలబడ్డాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం కాగా, అతని రీడింగు అంతకు ఎన్నో రెట్లు ఉందని చార్జిషీటులో రాశారు. తీరా సాక్ష్యం రోజుకు, బ్రీత్ అనలైజర్ ఇచ్చిన చీటీ థర్మల్ కాగితం కావడంతో అచ్చంతా వెలిసిపోయి, కింద ముద్దాయి బాల్‌పెన్నుతో చేసిన సంతకం మాత్రమే మిగిలింది. డిఫెన్సు న్యాయవాది దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసి, ఇందులో రీడింగు ఎంతుందో చదవమని ఎస్సై చేతికిచ్చాడు. ఎస్సై అటూ ఇటూ తిప్పి, ‘కనబడ్తలేదు సార్’ అన్నాడు. మౌత్‌పీసు కొత్తదేనా, యంత్రం కొలత సరైనదేనన్న కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందా అన్న ప్రశ్నల దాకా పోవలసిన అవసరమే ఆ న్యాయవాదికి రాలేదు, కేసు కొట్టేశారు. స్టేషన్‌లో ఆ చీటీని అదే రోజు జిరాక్సు తీయించి ధ్రువీకరించే ఆనవాయితీ ఉంటే ఆ గతి పట్టేది కాదు.

మా విద్యార్థులకు మాత్రం ముంబయిలో ఫుట్‌పాత్ మీద నిద్రిస్తున్న ఏడుగురి ప్రాణాలు తీసిన అలిస్టర్ పరేరా కేసు, అందులో 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పు నోటికి వస్తాయి గానీ, తాగి బండి నడపడానికి ప్రయత్నించినా 185 కింద నేరమేనని, ఎవరికీ దెబ్బ తగలనక్కరలేదని చెబితే ఆశ్చర్యపోతారు.

కల్లు తాగితే కేసు కాదని మా పల్లెల్లో ఇప్పటికీ నమ్ముతారు. చట్టానికి కల్లు, విస్కీ అన్న తేడా లేదు. అసలు చిక్కంతా కల్తీ కల్లుతోనే వస్తుంది. అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగి నిలబడలేక తూలుతున్నవాడు ఊదినా, యంత్రం కొలిచేది ఆల్కహాలునే కాబట్టి రీడింగు 30 లోపే రావచ్చు. అతనిపై 185లోని క్లాజు (బి) కింద, మత్తుమందు ప్రభావంతో బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని నిరూపించాలంటే డాక్టరు పరీక్ష, రక్త నమూనా కావాలి. అర్ధరాత్రి ముద్దాయిని ఆసుపత్రికి తీసుకెళ్లి ఆ నమూనా తీయించిన చార్జిషీటు నా టేబుల్ మీదికి రావడం చాలా అరుదుగా ఉండేది. మీరు ఏపీపీ పరీక్షకు చదువుతున్నట్లయితే ఆ క్లాజును శ్రద్ధగా చదవండి, ఉద్యోగంలో చేరాక మీ ఎస్సైలతో కూడా చదివించండి.