ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేసేముందు ఆ బడి ప్లాన్ మళ్ళీ గీయండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. కడపలో బీఆర్క్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇప్పటివరకు బస్ షెల్టర్, మూడు సెంట్లలో ఇల్లు, ప్రాథమిక పాఠశాల డిజైన్లు చేశాను. మార్కులు ఓ మోస్తరు. తోటివాళ్ళ రెండర్లు (కంప్యూటర్‌లో ఫోటోలా తీసిన భవనం బొమ్మలు) చూస్తుంటే నావి ఎవరికైనా చూపించడానికే సిగ్గుగా ఉంది. నాన్న సెంట్రింగ్ మేస్త్రీ. తెలిసిన ఎల్‌టీపీ (ప్లాన్ అప్రూవల్ డ్రాయింగులు వేసే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్) ఒకరు తన ఆఫీసులో చేరమంటున్నారు. అది ఇంటర్న్‌షిప్ కింద చెల్లుతుందా? హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్ళకపోతే వెనకబడిపోతానా? పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనులు చూపే పుస్తకంలో, ఏం పెట్టాలి?

జవాబు: ముందు చెల్లుబాటు సంగతి చూద్దాం. సిలబస్‌లో భాగంగా ఒక సెమిస్టర్ చేసే ప్రాక్టికల్ ట్రైనింగ్‌ను (మీరడిగే ఇంటర్న్‌షిప్ ఇదే) కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన ఆర్కిటెక్ట్ దగ్గరే చేయాలి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళే తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. ఎల్‌టీపీ లైసెన్స్ ఆర్కిటెక్టులకూ ఉంటుంది, సివిల్ ఇంజినీర్లకూ ఉంటుంది. కాబట్టి ఆయన్ను మొహమాటపడకుండా రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అది ‘సీఏ’ అనే అక్షరాలతో మొదలై, పక్కన సంవత్సరం ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. లేదంటే సెమిస్టర్ అంతా పనిచేశాక కాలేజీ ఆ సర్టిఫికెట్‌ను తిప్పి పంపే ప్రమాదం ఉంది.

ఆయన ఇంజినీరే అయినా ఆ అవకాశాన్ని వదులుకోవద్దు. ఈ వేసవి సెలవుల్లో ఓ నెలపాటు అక్కడ కూర్చోండి. ప్లాన్ అప్రూవల్‌కు వెళ్ళే డ్రాయింగ్ ఎలా తయారవుతుందో, సెట్‌బ్యాక్‌ను (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎక్కడినుంచి కొలుస్తారో, రోడ్డు వెడల్పును బట్టి ఏమేం మారతాయో, ఏరియా స్టేట్‌మెంట్ (విస్తీర్ణాల పట్టిక) ఎందుకు తేడా వస్తుందో తెలుస్తుంది. షార్ట్‌ఫాల్ పడి, అంటే లోపాలు ఉన్నాయని, వెనక్కి వచ్చిన ఫైళ్ళను ప్రత్యేకంగా అడిగి చూడండి. స్టూడియోలో ఎవరూ పట్టించుకోని పొరపాట్లే అక్కడ ఇంటి యజమానికి నెలల ఆలస్యం తెచ్చిపెడతాయి. అది మీ చదువుకు బలమవుతుంది. కాకపోతే ట్రైనింగ్ సెమిస్టర్‌కు బదులు కాదు.

ఇక మీ డిజైన్ల విషయం. చిన్న ఆఫీసు నడిపే ఆర్కిటెక్ట్ ఇంటర్న్ పోర్ట్‌ఫోలియో తెరిచినప్పుడు వెతికేది రెండర్‌ను కాదు. ప్లాన్‌కూ సెక్షన్‌కూ (భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగ్) పొంతన ఉందా, మెట్లు సరిగ్గా పడ్డాయా, గోడకు మందం ఉందా అని చూస్తారు. చేరిన మొదటి వారం నుంచే వాళ్ళకు మీతో పడే పని అది. అందుకే నేను చెప్పేది ఒకటే. కొత్త ప్రాజెక్టులు పోగు చేయకండి. ఉన్న మూడింటిలో ఒకదాన్ని కట్టడానికి పనికొచ్చే స్థాయిదాకా తీసుకెళ్ళండి. నన్నడిగితే ప్రాథమిక పాఠశాలను ఎంచుకోండి.

మెట్లతో మొదలుపెట్టండి, ఎందుకంటే మూడో సంవత్సరం డ్రాయింగుల్లో ఎక్కువగా తప్పేది అక్కడే. అంతస్తు ఎత్తు 3 మీటర్లు, ఒక్కో మెట్టు ఎత్తు 150 మి.మీ. అనుకుంటే మొత్తం 20 ఎత్తులు. రెండు వరసలుగా చేస్తే వరసకు 10 ఎత్తులు, 9 అడుగుపట్టులు (కాలు మోపే పలకలు). అడుగుపట్టు 300 మి.మీ. చొప్పున 2.7 మీటర్లు. మధ్య ల్యాండింగ్‌కు వరస వెడల్పు ఎంతో అంత, అంటే బడికి 1.5 మీటర్లు. అక్కడికి 4.2 మీటర్లయింది. కింద, పైన దిగేచోట మరో 1.5 మీటర్లు ఉండాలి, దాన్ని వరండాలో కలుపుకోవచ్చు. అడ్డంగా రెండు వరసలకు 3 మీటర్లు, మధ్య సందు, పక్క గోడలు అదనం. చాలామంది ప్లాన్‌లో మూడు మీటర్ల చదరం వదిలి అందులో గీతలు నింపేస్తారు. సెక్షన్ గీయబోతే మెట్లు అందులో పట్టవు, లేదా ల్యాండింగ్ కింద తల తగులుతుంది. మీ పాత షీటులో ఎలా ఉందో చూడండి. తప్పుగా ఉంటే దాన్ని దాచకుండా పాతదీ సరిచేసినదీ పక్కపక్కన పెట్టండి. అలాంటి పేజీ ఇంటర్వ్యూలో మంచి సంభాషణకు దారితీస్తుంది.

తర్వాత ఎండ. మన దగ్గర బడి డిజైన్‌లో ఎండను లెక్కలోకి తీసుకోకపోతే మిగతాదెంత బాగున్నా పిల్లలు అందులో కూర్చోలేరు. కడప అక్షాంశం సుమారు 14.5 డిగ్రీలు. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మార్చి 21న 75 డిగ్రీలు దాటుతాడు. జూన్‌లో నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. దక్షిణం వైపు 1.2 మీటర్ల ఎత్తు కిటికీకి పైనే 600 మి.మీ. సజ్జ వేశారనుకోండి. డిసెంబరు మధ్యాహ్నం కిటికీలో పైన 770 మి.మీ. మేర నీడ పడుతుంది, కింద కాస్త ఎండ లోపలికొస్తుంది. చలికాలం కాబట్టి ఇబ్బంది లేదు. మార్చి మధ్యాహ్నానికి కిటికీ మొత్తం నీడలోకి వస్తుంది. అదే సజ్జను పడమటి కిటికీకి వేస్తే, సాయంత్రం సూర్యుడు 30 డిగ్రీలకు దిగి ఎదురుగా ఉన్నప్పుడు నీడ 350 మి.మీ. మించదు. అంటే పడమట సజ్జ దండగ. అటు వైపు వరండానో, స్టోర్ రూమో, మెట్లో పెట్టాలి, లేదా నిలువు పలకలు వాడాలి. ఈ రెండు కిటికీల సెక్షన్లను కోణాలతో సహా ఒక పేజీలో గీయండి. సజ్జ పొడవు నాలుగు వైపులా ఒకేలా గీసిన పాఠశాలకూ మీ పాఠశాలకూ తేడా అక్కడే తెలుస్తుంది.

మూడోది 1:20 స్కేలులో ఒక గోడ సెక్షన్, పునాది నుంచి పిట్టగోడ దాకా. ప్లింత్ బీమ్ (పునాది పైన గోడ కింద వేసే బీమ్), తేమ పైకి రాకుండా వేసే పొర, నేల నుంచి 900 మి.మీ. దగ్గర కిటికీ అడుగు, 2100 మి.మీ. దగ్గర లింటల్ (కిటికీ పైన వేసే బీమ్), సజ్జ, స్లాబ్, పైన నీళ్ళు జారే వాలు, పిట్టగోడ, నీళ్ళ గొట్టం. సజ్జ అడుగున అంచుకు దగ్గరగా నీటి గాడి గీయడం మర్చిపోకండి. అది లేకపోతే వాన నీరు సజ్జ అడుగు వెంట వెనక్కి పాకి గోడమీదికి చేరుతుంది, రెండేళ్ళలో రంగు లేస్తుంది. కడప బండలను ఫ్లోరింగ్‌కో అరలకో వాడాలనుకుంటే ఒకరోజు ఎర్రగుంట్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీలకు వెళ్ళి ఏ మందం, ఏ పొడవు తేలిగ్గా దొరుకుతుందో రాసుకుని, ఆ కొలతలతోనే డ్రాయింగ్ వేయండి. దొరకని సైజు గీస్తే సైటులో కోసి పారేసేదే ఎక్కువవుతుంది.

మీ నాన్నగారు సెంట్రింగ్ మేస్త్రీ అన్నది మీరు ప్రశ్నలో చివరికి నెట్టేసిన మాట. నిజానికి మీ దగ్గరున్న పెద్ద ఆస్తి అదే. ఆయన సైటులో నాలుగు స్లాబులు పడటం చూడండి. కడ్డీకీ కాంక్రీటు అంచుకూ మధ్య దూరం ఉంచే కవర్ బ్లాకులు స్లాబుకు 20, కాలమ్‌కు 40, పునాదికి 50 మి.మీ. ఎందుకో, అవి లేకపోతే కడ్డీ తుప్పు పట్టి పెచ్చులు ఎలా ఊడతాయో అడగండి. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో వేసిన స్లాబుకు స్పాన్ (ఆనుకునే రెండు ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపైతే కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు సెంట్రింగ్ కింది ఊతకర్రలు ఉంచాలని కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. బీములకు 6 మీటర్ల లోపు 14, ఆపైన 21 రోజులు. సైటులో ఎంతకాలం ఉంచుతున్నారో, త్వరగా తీస్తే ఏమవుతుందో ఆయనకు చేత్తో తెలిసిన విద్య. మీ బడికి సెంట్రింగ్ ఎలా కొట్టాలో ఆయన్ను అడిగి, ఆ స్కెచ్‌ను గోడ సెక్షన్ పక్కన పెట్టండి. ఏ రెండరూ దాని సాటి రాదు.

మూడు సెంట్ల ఇల్లు రెండు పేజీలకు చాలు. ఆ స్థలం సుమారు 9 మీటర్లు x 13.5 మీటర్లు. వెడల్పులో 230 మి.మీ. గోడలు నాలుగు పడితే 920 మి.మీ. గోడలకే పోతుంది. ఒంటి గీతలతో గీసిన తొలి స్కెచ్‌లో విశాలంగా కనిపించిన గదులు మంచం వేసేసరికి ఇరుకైపోయేది ఇందుకే. సెట్‌బ్యాక్‌లు తీసేసి, గోడలకు మందమిచ్చి, మంచం, బీరువా, వంట గట్టు సైజుకు గీసి చూపండి. బస్ షెల్టర్‌కు ఒక పేజీ, చేతి స్కెచ్‌లతో.

ఒక్క కొత్త పని మాత్రం చేర్చండి. మీ ఊళ్ళోనో చుట్టుపక్కలో ఒక పాత మిద్దె ఇంటిని కొలిచి గీయండి. ఇద్దరు కావాలి, ఒక పెద్ద టేపు, లెవెల్ ట్యూబ్ (నీళ్ళు నింపి మట్టం చూసే గొట్టం). ఒక్కో ముక్కను విడిగా కొలిచి కలపకండి, చిన్న తప్పులన్నీ పోగవుతాయి. టేపును ఒక చివర పట్టి ఉంచి వరసగా చదవండి. ప్రతి గదికీ మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలు కొలవండి, పాత గదులు మూలమట్టంగా ఉండవు. ట్యూబ్‌తో గోడలపై ఒక సమాన మట్టపు గీత పెట్టుకుని ఎత్తులన్నీ దానినుంచే తీసుకోండి. దూలాలు, వాటిపై అడ్డంగా వేసే దంతెలు, పైన చౌడు మట్టి పొరలు, గోడ మందం, ఇవన్నీ సెక్షన్‌లో రావాలి. గండికోట లాంటి కట్టడాలు చూడ్డానికి వెళ్ళండి, కొలతలకు మాత్రం ఇల్లే మేలు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నచోట కొలవాలంటే అనుమతులు కావాలి.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ బెంగ పెట్టుకోకండి. ఆటోక్యాడ్‌లో లేయర్లు, గీతల మందం, సరైన స్కేలులో ప్రింట్ తీయడం, స్కెచ్‌అప్‌లో శుభ్రమైన మోడల్, ఇవి గట్టిగా వస్తే చేర్చుకుంటారు. రెవిట్ తెలిస్తే మంచిది.

హైదరాబాద్, బెంగళూరు వెళ్ళకపోతే నష్టమేమీ లేదు. పెద్ద ఆఫీసులో ఇంటర్న్‌కు తరచుగా టాయిలెట్ డీటెయిల్స్ లేదా ప్రెజెంటేషన్ పేజీలు చేసే పని వస్తుంది, సైటు ముఖం చూడకుండానే కాలం గడిచిపోవచ్చు. నాలుగైదుగురు పనిచేసే ఆఫీసులో క్లయింట్ మాటలు వింటారు, మీరు గీసిన డ్రాయింగ్ సైటులో ఎలా అర్థమైందో చూస్తారు. మీకైతే అలాంటి ఆఫీసే సరిపోతుంది, అది అనంతపురంలో ఉన్నా, తిరుపతిలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా. ఇంటర్వ్యూలో మీరూ అడగండి: ఇప్పుడు ఎన్ని సైట్లు నడుస్తున్నాయి, ఇంటర్న్ వారానికి ఎన్నిసార్లు వెళ్తారు, డ్రాయింగ్ ఎవరు సరిచూస్తారు, స్టైపెండ్ ఎంత. స్టైపెండ్ మాట మెయిల్‌లో రాయించుకోండి. నగరానికి వెళ్ళేట్టయితే గది అద్దె, అడ్వాన్స్, భోజనం, బస్సు ఖర్చు మొత్తం సెమిస్టర్‌కు లెక్కేసి ఇంట్లో ముందే చెప్పండి. చాలాచోట్ల స్టైపెండ్ అద్దెకే సరిపోదు. స్టైపెండ్ లేదు, సైటుకూ పంపరు అంటే మర్యాదగా వద్దనండి.

అప్లికేషన్లు మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. పీడీఎఫ్ 15 నుంచి 18 పేజీలు, 10 ఎంబీ లోపు. మెయిల్‌లో అయిదారు వాక్యాలు చాలు: ఏ సంవత్సరం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వాళ్ళు కట్టిన ఏ భవనం చూసి రాస్తున్నారు. అందరికీ ఒకే మెయిల్ కాపీ చేసి పంపితే చదివేవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. పది రోజులకు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి.

చేరాక మొదటి నెలలో జాగ్రత్తపడాల్సినవి కొన్ని. గోడ జరపకుండా డైమెన్షన్ అంకెను మాత్రం టైప్ చేసి మార్చకండి. అంకె ఒకటి, గీత ఒకటి అయితే సైటులో ఏది నమ్మాలో మేస్త్రీకి తెలియదు. రివిజన్ నంబర్, తేదీ వేయకుండా పీడీఎఫ్ పంపకండి, పాత షీటుతో ఇనుప కడ్డీల రింగులు కట్టేస్తే విప్పించే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. రోజూ డైరీ రాయండి: ఏ ప్రాజెక్టు, ఏ డ్రాయింగ్, ఏం మారింది, ఎందుకు మారింది. నెలకోసారి సంతకం చేయించండి, చివర్లో అన్నీ ఒకేసారి పెడితే ఎవరూ చదివి పెట్టరు. ఆఫీసు డ్రాయింగులను పోర్ట్‌ఫోలియోలో వాడుకోవాలంటే అనుమతి అడిగి, క్లయింట్ పేరు, చిరునామా తీసేయండి. బయటికి వచ్చేముందే సర్టిఫికెట్ చేతికి తీసుకుని ఆర్కిటెక్ట్ రిజిస్ట్రేషన్ నంబర్, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, పనిదినాలు, సంతకం, స్టాంప్ ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి.